చీమకుర్తి గేటు చిట్టా

నా పని పెద్దదేం కాదు.
వచ్చినవాడి పేరు, ఊరు, తెచ్చిన వెలుగు ఏ రకం,
అది ఎంతసేపు నిలిచింది.
నాలుగు గళ్ళు. చేపనూనె దీపం. తాటాకు మీద గంటం.

సూర్యుడు వెళ్ళి ఎన్నేళ్ళయిందో లెక్క తెగలేదు.
ఒంగోలు వాళ్ళు ఎద్దుల తరాలు ఎంచుతారు:
పదకొండో తరం కోడెకి కళ్ళే పుట్టలేదు,
ముందుపోయే దాని మెడగంట విని దారి పట్టుకుంటుంది.
గుండ్లకమ్మ ఇప్పుడొక చప్పుడు.
కొత్తపట్నం దగ్గర సముద్రం ఒక ఉప్పు వాసన.

మా కొండకి కాస్త పేరుంది.
ఆ చివరి రాత్రి చుక్కలు రాలింది ఇక్కడేనట,
నల్లరాయి వాటిని నమలకుండా మింగిందట.
పలక కోసి దీపం పక్కన పెడితే
లోపల రాగి రవ్వలు, పోపులో మెంతుల్లా.
తవ్వితే రావు. కాలిస్తే రావు.

గేటు పక్కన నిలువు బండ. దాని మీద మూడు వరుసలు.
వేలితో తడిమి చదవాలి.

    నూనె నిండుకున్న నాడు
    దీపం కొండెక్కిన నాడు
    వస్తా

అక్కడితో బండ అంచు.
విరిగిపోయిన అక్షరం "డు" అన్నారు పొదిలి పండితులు.
కాదు "రు", అంతటివాడు ఏకవచనంలో రాడన్నారు కావలి మఠం వాళ్ళు.
ఆడదైతే "వస్తుంది" అని ఉండేది, కనక ఆడది కాదు:
ఈ ఒక్క మాట మీద ఇద్దరికీ పొత్తు కుదిరింది.
మిగతా దానికి మూసి ఒడ్డున ఆరు నెలలు నరుక్కున్నారు.

రాజు శాసనాన్ని అక్షరం తప్పలేదు.
ఏటా నూరు బళ్ళ నూనె కొండ మీదికి.
అక్కడ వెయ్యి దీపాలు, అంచుల దాకా నిండుగా,
ఊళ్ళలో గిద్దెడు లేకపోయినా.

చిట్టాలోంచి:
ఉదయగిరి గుర్రపువాడు, నూనెగుడ్డ చుట్టిన కత్తి, రెండు ఘడియలు.
(ఆ ఊరికి ఉదయం పేరులోనే మిగిలింది.)
కందుకూరు కవలలు, నిలువుటద్దాలు, సున్నా.
కనిగిరి పిల్లవాడు, బుర్రలో మిణుగురులు.
ఎంతసేపో రాయలేదు. వాడు ఏడుస్తున్నాడు.

ఈ పూట దేరంగుల కాటమ్మ వచ్చింది.
వెలుగు తేలేదు. ఖాళీ గిద్దె తెచ్చింది.
"అయ్యా, ఇంట్లో నూనె నిండుకుంది.
ఇందాకే దీపం గూడా కొండెక్కింది. బాలింత ఉండాది."

గంటం ఆగిపోయింది.
"ఏమన్నావ్?"
"లేదనీ, ఆరిపోయిందనీ ఇంట్లో అనగూడదు గదయ్యా.
మాయమ్మ ఇట్టానే అనేది."

లేచి, ఆమె చెయ్యి పట్టుకుని
బండ అంచున పెట్టాను.
ముప్పై ఏళ్ళు రాయి కొట్టిన చెయ్యి.
అటూ ఇటూ రెండుసార్లు రుద్దింది,
బిడ్డకి జొరం చూసినట్టు.
"ఇరగలేదే ఇది! ఉలి పట్టినోళ్ళు ఇక్కడికే ఆపారు.
అంచు గూడా నున్నంగా దీర్చిపెట్టారు."

ఇంకేం అడగాలో తోచలేదు.
నా దీపంలో ఉన్నదంతా గిద్దెలో ఒంపాను.
కొంగు కింద దాచుకుని, గేటు దాటుతూ,
అందరూ అనే మాటే అంది:
"మరి వస్తా."

పోతా అనరు మా వైపు.
గడప దిగేవాళ్ళు ఎవరూ అనరు.
సూర్యుడు మాత్రం ఎట్టా అంటాడు?

ఆ తర్వాత నేను చేసింది రాజద్రోహం.
వెయ్యి దీపాలు. ఊదుతూ పోయాను.
ఆరువందలు దాటాక ఊపిరి చాల్లేదు,
తడి గోతంతో కప్పుతూ పోయాను.
నూనె మట్టుకు పారబొయ్యలేదు, అంత ధైర్యం లేదు,
కింద ఎన్ని గిద్దెలున్నాయో.

ఇంత చీకటి నేనెరగను. సొంత చెయ్యి కూడా పరాయిది.
కూర్చున్నాను. భయపడ్డాను. కాస్త కునుకు కూడా పట్టింది.
లేచి, కాటమ్మ పేరు ఎక్కిద్దామని
తడుముతూ చిట్టా తెరిచాను.
పేరు. ఊరు. వెలుగు రకం దగ్గర ఏం రాయాలో తెలీక
కొట్టేసి, మళ్ళీ రాసి,
నాలుగో గడికి వచ్చాక గమనించాను:
గళ్ళ గీతలు కనిపిస్తున్నాయి.