ఐదున్నర శ్రుతి

నూకరత్నం గురించి చెప్పమని ఎవరెవరో వస్తున్నారు.
పుట్టిన తేదీ అడుగుతారు, బిరుదులు అడుగుతారు.
నాకు తెలిసింది మెట్ల లెక్క.
ముప్పై ఒక్క ఏళ్లు ఆమె గొంతు పక్కన కూచుని
హార్మోనియం తిత్తి ఆడించినవాణ్ణి.

మొదటిసారి చూసినప్పుడు
ఫిషింగ్ హార్బర్‌లో కవళ్లు ఎండబెడుతోంది.
సాయంత్రం కోటవీధి రిహార్సల్‌లో
అవే చేతులు ఒరలోంచి కత్తి లాగితే
అంటుకున్న పొలుసులు జరీలా మెరిసేయి.
రాజు వేషగాడు ఆవేళ తాగి రాలేదు.
"నానేస్తాను," అంది.
పద్యం ఎవరు నేర్పారని ఎవరూ అడగలేదు.
ఐదున్నర పట్టాను.
అందుకుంది. నవ్వింది కూడా.

ఇక రాజులందరూ ఆమె ఒంట్లోనే కాపురం పెట్టారు.
గద్దించే రాజు, రాజ్యం పోగొట్టుకున్న రాజు,
చచ్చిపోతూ కూడా రాగం తీసే రాజు.
మీసం బంక తెల్లారినా వదలక
మొగుడు గోడవైపు తిరిగి పడుకునేవాడట.
అది చెప్పి తనే పగలబడి నవ్వేది.
తర్వాత అతను మొత్తానికే తిరిగిపోయాడు.
అది చెప్పలేదు.

పోర్టు మైదానంలో ఒక రాత్రి
పద్యం మూడో పాదంలో ఉండగా ఓడ కూసింది.
కూత డాల్ఫిన్స్ నోస్ కొండకి తగిలి వెనక్కొచ్చింది.
నా చెయ్యి ఆగిపోయింది.
ఆమె ఆ కూతనే షడ్జంగా పట్టుకుని
నాలుగో పాదం దానిమీద నిలబెట్టింది.
నేను మెట్లు వెతుక్కున్నాను,
చీకట్లో చెప్పులు వెతుక్కున్నట్టు.
జనం వన్స్ మోర్, వన్స్ మోర్.
ఆమె కత్తి ఎత్తి సముద్రం వైపు చూపించింది:
"ఆయన్నడగండర్రా!"

ఐదున్నర ఐదయింది. చాన్నాళ్లకి నాలుగున్నర.
నేనే గుట్టుగా దించాను.
తెర వెనక నా చెవిలో,
"ఏటి గురువా, మెట్టు దించీసినావేటి?"
ఆ రాత్రి పద్యాన్ని
ఎన్నడూ పాడనంత నెమ్మదిగా పాడింది.

ఇప్పుడు జ్ఞానాపురంలో, రైల్వే గోడ పక్క గది.
గొంతుకి ఆపరేషన్. మాట వట్టి గాలిలా వస్తుంది.
సన్మానం శాలువాలు కిటికీకి కట్టింది, ఎండకి.
కిరీటం బోర్లా తిప్పి వెల్లుల్లిపాయలు పోసింది.

మొన్న ఆదివారం టీ తాగుతుంటే
హార్బర్‌లో ఏదో ఓడ కూసింది.
"నాలుగు," అన్నాను, అలవాటు కొద్దీ.
కాదని తల ఊపింది.
మూడు వేళ్లు చూపించి
నాలుగోది సగం మడిచింది.

మూడుకీ నాలుగుకీ మధ్య నల్లమెట్టు ఉండదు.
ఏ పెట్టెలోనూ ఉండదు. ఆమెకి తెలీనిదా?

ఇంటికొచ్చి, చెవిలో కూత చెదరకుండా,
రెండు మెట్లూ ఒకటి తర్వాత ఒకటి నొక్కి చూశాను.

కూత వాటి మధ్యలోనే ఉంది.