ముచ్చికల చప్పుడు

నల్లపాడు రోడ్డు పక్క రేకుల షెడ్డులో
మా అమ్మ సువార్తమ్మ మిరపకాయల ముచ్చికలు తీస్తుంటే
ఒక తెల్లాయన గోనెపట్టా మీద బాసింపట్టు వేసి
కళ్లు మూసుకు కూర్చున్నాడు.
పూజేమో అనుకున్నారు ఆడోళ్లు.

మిర్చి వ్యాపారం మీద చిన్న సినిమా తీయడానికొచ్చిన గుంపు
రెండు రోజుల్లో రంగులన్నీ మూటగట్టుకుని పోయింది.
ఈయన మిగిలాడు. హార్‌గ్రీవ్స్.
నోరు తిరక్క చెవుల దొర అన్నాం.
టేపు మిషను బ్యాటరీలు మోసినందుకు నాకు రోజుకి రెండు రూపాయలు.
అడక్కుండానే ఆయన కథ అదనం,
వచ్చీరాని ఇంగ్లీషులో నేనూ, చేతుల్తో ఆయనా.

పద్నాలుగో ఏట చీపురు పట్టాడట,
ఎడిటింగు గదిలో తెగిపడ్డ ఫిల్ము ముక్కలు ఊడవడానికి.
ఆ తర్వాత ముప్పై ఏళ్లు
గుర్రానికి కొబ్బరిచిప్పలు
(మనకి చట్నీ మిగిలేది, ఆయనకి గుర్రం మిగిలింది),
విరిగే ఎముకకి ముల్లంగి దుంప,
ఉరుముకి రేకు ముక్క,
ముద్దుకి తన ముంజెయ్యి తనే.
తెర మీద పేరు పడేది,
జనం లేచి గొడుగులు వెతుక్కునేటప్పుడు.

అన్నీ దొరికాయి కానీ
గడ్డకట్టిన మంచు మీద నడక దొరకలేదన్నాడు.
మంచు మీ ఊళ్లోనే కదా ఉండేది, అన్నాను.
"ఉంది. మైకు ముందు పెడితే మంచులా వినపడదు."

అమ్మ గోటితో తుంచేది. టిక్.
కాయని గుట్ట మీదకి విసిరేది. లోపల గింజలు సర్ర్.
టిక్. సర్ర్.
దొర కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.
ఘాటుకేలెండి, వేరే అర్థం తీయకండి.

ఉత్తరంలో సినిమా పేరు రాశాడు.
ఏడాదిన్నరకి బెజవాడ గాంధీనగర్ గోడ మీద కనపడిందా పేరు.
వారం రోజులు, పొద్దుటాట ఒక్కటే.
ప్యాసింజరు ఎక్కి పోయాం, అమ్మా నేనూ.
హాల్లో పదిహేనుమంది, తిరిగే ఫ్యాన్లు మూడు.

తెల్లటి మైదానం.
పొడుగు కోటు పిల్ల ఒక్కతే నడుస్తోంది.
టిక్. సర్ర్. టిక్. సర్ర్.
అమ్మ నా మణికట్టు పట్టుకుంది.
"ఒరే, అవి గోదాం నీడన పడున్న కాయలురా.
ఎండిన గుట్ట దగ్గర కూర్చోమంటే విన్నాడా?"

కోటు పిల్ల ఆగింది.
వెనక్కి తిరిగి చూసింది, ఎవర్నో వదిలేసి పోతున్నట్టు.
వెనక వరసలో ఒకాయన ముక్కు చీదాడు.
"అక్కడే నా గోరు చీలింది," అంది అమ్మ.

తిరుగు రైలు కృష్ణ దాటాక
అరికాళ్లు బల్ల మీదికి ముడుచుకుంటూ అడిగింది:
"మరి నా దగ్గేది?"

నిజమే. ఆ షెడ్డులో
దగ్గకుండా పది కాయలు తుంచినోళ్లు లేరు.
అమ్మ దగ్గైతే రోడ్డు అవతల టీకొట్టువాడికీ తెలుసు.

రాశాను. జవాబు చాలా ఏళ్లకొచ్చింది, వణుకురాతలో.
పని మానేశాడట.
ఒక పల్లెటూరి రాత్రికి కీచురాళ్లు కలుపుతూ
చాల్లేదు, ఇంకా చాల్లేదు అని పెంచుకుంటూ పోతే
పక్కగదిలోవాళ్లు చెవులు మూసుకుని పరిగెత్తుకొచ్చారట.
అప్పుడు తెలిసింది,
తన చెవుల్లో కీచురాళ్లు ఎప్పుడో పోయాయని.

చివర్న, నేను అడిగినదానికి:
బ్లేడుతో కోసి తీసేశాను.
పారెయ్యలేదు. ఒకదానికొకటి అతికించి ఉంచాను.
నాలుగు నిమిషాల పదకొండు సెకండ్లు.

చుట్ట కూడా పార్సిల్లోనే ఉంది, అరచెయ్యంత.
అమ్మ పోయి అప్పటికి మూడేళ్లు.
నా మైక్‌సెట్ కొట్లో అది తిరిగే మిషను లేదు.
అరండల్‌పేట అయిపోయింది, బ్రాడీపేట అయిపోయింది.
అడుగుతున్నాను ఇంకా.