క్లిక్ చేసినప్పుడు

నయీంనగర్ల నాలా పక్కపొంటి మూడో మడిగె మాది.
ఫ్లెక్సీలు, లామినేషన్, పాన్ కార్డులు పెద్దక్షరాల్ల,
వాటి కింద, పట్టుబట్టి నేనే రాయించిన లైను:
పీపీటీలను వెబ్‌లకు మారుస్తం. బొమ్మలు కదులుతయి.

ఆ లైను చదివి ఏడాదిల వచ్చింది ఒక్క మనిషి.
ఓదేలు సారు. జొన్నరంగు సఫారీ. జేబుల అద్దాల పెట్టె,
పెట్టెల అద్దాలు లేవు, పెన్‌డ్రైవ్ ఉన్నది,
కింద పలుచగ దూది పరిచి.
"నలభై ఆరు స్లైడ్లు బిడ్డా. పత్తిల గులాబి పురుగు.
సర్వీసంత ఊరూరు తిప్పిన.
ఇగ నాతోని కాదు. అదే తిరగాలె, ఫోన్లల్ల."

తెరిస్తే అక్షరాలే లేవు.
పాత ఫాంటు తెలుగు నా సిస్టంల
డాలర్లు, కొక్కేలు, తలకిందుల ప్రశ్నార్థకాలు.
పురుగు తొలిచిన కాయ పగులగొట్టినట్టే.
రెండు రాత్రులు కూసొని మల్ల కొట్టిన:
గుడ్డిపూలు. లింగాకర్షక బుట్టలు. ఎకరానికి ఎన్ని.
కొట్టుకుంట కొట్టుకుంట
మా మేనమామ చెలకల ఆ ఏడు ఏమయిందో
నాకు గప్పుడు సమజైంది.

ఈ సాఫ్ట్‌వేర్ పిండిగిర్ని అసొంటిది.
పైన పోస్తే కింద రాలుతది,
నడుమ తరుగు తీసుకుంటది.
నీడలు పోయినయి. గిరగిర తిరిగే హెడ్డింగులు పోయినయి.
"పోతే పోనియ్, అవి మా ఏవో మోజు" అన్నడు సారు.
పురుగు నడక మాత్రం దక్కింది:
మౌసుతోని ఆయన గీసిన వంకర తొవ్వ,
చెయ్యి వణికిన కాడ వణికినట్టే.

ఆఖరికి ఒక డబ్బా తెరుసుకొని అడిగింది:
"క్లిక్ చేసినప్పుడు" అని ఉన్న కాడల్ల
ఎన్ని సెకన్లు?
వెబ్‌ల చెయ్యి ఉండదు కద. దానికి అంకె కావాలె.

పందొమ్మిదో స్లైడు.
తెల్లటి తెర మీద ముడుసుకున్న పువ్వు ఒక్కటి,
కింద ప్రశ్న: ఇది ఎందుకు విచ్చుకోలేదు?
క్లిక్ చేస్తే రేకులు విడిపోయి లోపలి పురుగు బయటవడాలె.

మూడు పెట్టిన.
"ఊహూ. జర ఆగాలె."
ఐదు.
"ఇంకా."
పది పెట్టి ఆడిస్తే తెర చచ్చిపోయినట్టున్నది.
"ఎన్ని సార్, మరి?"

ఆయన స్టూలు దగ్గరికి జరుపుకున్నడు.
"అడిగి ఊకుంటుంటి. ఎవరో ఒకరు చెప్పేదాక.
పర్వతగిరిల మొగోళ్లు బీడీలు ముట్టిచ్చి
నా దిక్కు చూసుడే, నోరు తెరువరు.
ఎనుక నుంచి కొలిపాక బుచ్చమ్మ,
కలుపు తీసి అట్లనే వచ్చింది,
'లోపట కుట్టు పడ్డది సారూ' అన్నది.
గప్పుడు నొక్కిన.
ఒకనాడు నొక్కుదామంటే కరెంటు వాయె.
అందరం చెలకకు పోయినం, పువ్వు తెంపి గోటితోని ఇప్పిన.
గా దినం ఎన్ని సెకన్లో నువ్వే లెక్కవెట్టు."

నేను లెక్కపెట్టలేదు.
డబ్బాను ఖాళీగ వదిలేస్తే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు,
ఎర్రగ గీత పెడతది.
అందుకే ఆ ఒక్క స్లైడును గిర్నిల పొయ్యలేదు.
పదకొండు లైన్ల కోడు చేత్తోని రాసిన:
పువ్వును వేలు తాకితేనే పువ్వు ఇచ్చుకుంటది.

సారు బొటనవేలు పెట్టిండు. కదల్లేదు.
పగుళ్లు వట్టిన వేలు, అద్దం గుర్తుపట్టలే.
ప్యాంటుకు తుడుసుకొని మల్ల పెట్టిండు.
రేకులు విడినయి.
గులాబి పురుగు తన వంకర తొవ్వల
నిమ్మళంగ బయటికొచ్చింది.
ఆయన దాన్ని ఎన్నడు చూడనట్టు చూసిండు.

స్లైడుకు ఇరవై చొప్పున తొమ్మిది వందల ఇరవై.
వెయ్యి ఇచ్చి చిల్లర వద్దన్నడు.

నెల కింద లింకు పోయింది.
కౌంటరు నా దగ్గర ఉంటది, రాత్రి షట్టర్ దించే ముందు చూస్త.
పద్దెనిమిది దాక గబగబ వస్తరు,
పందొమ్మిది కాడ ఆగుతరు.
తాకాల్నని తెల్వక ఆగుతున్నరో
జవాబు కోసం ఆగుతున్నరో
కౌంటరుకు తెల్వదు.

సారుకు ఫోన్ చేసి చెప్పిన,
బాణం గుర్తు ఒకటి పెడదామా అని.
ఎనుమాముల యార్డుల ఉన్నట్టున్నడు, ఎనుక బస్తాలు దించుతున్న లొల్లి.
"ఎంతసేపు ఆగుతున్నరు?"
"కొందరు నిమిషం, సార్. ఒకాయన నాలుగు."
ఫోన్ల ఆయన ఊపిరి ఇనవడ్డది.
"ఆగనియ్యి."