ఎనిమిదో సెకను

పాలప్యాకెట్టు కన్నా కాస్త పెద్ద సంచీ.
లోపల గ్జెనాన్. రంగు లేదు, వాసన లేదు.
రుబీడియం ఆవిరిలో, లేజరు వెలుతురులో
గంటసేపు నానబెట్టి
కేంద్రకాలను ఒకే దిక్కుకు తిప్పి పట్టుకున్నాం.
అప్పుడే మరిచిపోవడం మొదలుపెట్టాయి.
నేను మెట్ల మీద పరుగెడుతున్నాను.
లిఫ్టు బాగయింది, నిజమే,
కానీ ఆ ఇనుపపెట్టెలోకి దీన్ని తీసుకుపోను.

బల్ల మీద కోరుకొండ పోలమ్మ.
పోర్టులో ఇరవైరెండేళ్లు
బొగ్గుకుప్పల అంచున చీపురు పట్టిన మనిషి.
"గాలికి ఫొటో తీత్తావేటి బావూ?
గాలెక్కడైనా అగుపడతాదేటి?"

నీళ్లకైతే ఇంత తొందర లేదమ్మా.
నీటిలో పదిలక్షలకు అయిదారు కేంద్రకాలే ఒకవైపు మొగ్గేది.
పడగొట్టు, మళ్లీ లేస్తాయి,
గంగమ్మ తీరాన తెప్పల్లాగా.
ఇది అలా కాదు. ఇది చేతికొచ్చిన పీఎఫ్ డబ్బు.
తీసింది తీసినట్టే పోతుంది.
అందుకే ఒక్కో పల్సుకీ కొంచెం కొంచెం వంచుతాను,
ఆఖరి పల్సుకు మిగిలిందంతా ఊడ్చేస్తాను.
ఈలోగా ఆమె ఛాతీలోని ఆక్సిజన్
నా లెక్కలోంచి చిల్లర కాజేస్తూనే ఉంటుంది.
బతికించేదే బొమ్మను చెరుపుతుంది, ఏం చేస్తాం.

పీల్చు. బిగబట్టు.

ఒకటి. రెండు. అయస్కాంతం కొట్టుకుంటోంది.
తిత్తిలో ఉన్న గాలిది ఒక శ్రుతి,
పల్చటి పొర దాటుతుంటే ఒక శ్రుతి,
నెత్తుటిలో దిగాక మరొకటి.
ఆ మూడో శ్రుతి కోసమే చెవులు రిక్కించాను.
చాలా సన్నగా వినిపించింది, ఎక్కడో అవతలి గదిలో
పిల్లాడు పాఠం అప్పజెబుతున్నట్టు.
అయిదు. ఆరు.
హార్బరులో ఓడ కూసింది.
ఏడు.

ఎనిమిదో సెకనులో దగ్గు.

రెండో సంచీ లేదు. ఇవాళ్టికి లేదు.
మధ్యభాగాన్ని ముందుగా ఏరుకోవడం నా అలవాటు,
అంచుల సంగతి తర్వాత.
కాబట్టి బొమ్మ వచ్చింది:
ఆకారం ఉంది, గీత లేదు,
శీతాకాలం పొద్దున్న యారాడ కొండలాగా.
ఎడమవైపు వెలుగు. కుడివైపు కింద
పిడికిలంత చీకటి.

బయటికొచ్చి గోడ పట్టుకుని నవ్వింది.
"ఈ గాలేటో కల్లులాగుంది, తల తిరిగిపోతంది."
తర్వాత తెర ముందు చాలాసేపు నిలబడింది.
"ఇందులో బొగ్గేది?"
బొగ్గు కనపడదమ్మా. గాలి చేరినచోటే కనపడుతుంది.
"అయితే అగుపడనిదంతా బొగ్గేనన్నమాట."

కాదు, అలా తేల్చి చెప్పలేం,
వాపు కావచ్చు, కఫం కావచ్చు, డాక్టరుగారు చూడాలి
అని మొదలుపెట్టాను.
ఆమె అప్పటికే వేలు చాచి
కిటికీ గట్టు మీద ఒక గీత గీసి
నాకు చూపిస్తోంది.
పొద్దున్నే తుడిచిన గట్టు.

రిజిస్టరులో రాశాను:
సంచీ ఒకటి. సెకన్లు ఏడు.
మిగులు, సున్నా.
వేలు నల్లగా ఉంది, పేజీకి అంటింది.