ఒకే తాను

లొజాన్‌లో వాన. దస్తావేజుల గదిలోకి
పెన్సిలు తప్ప ఏదీ రానివ్వరు.
ఒబెర్సన్ గారు పెట్టె దించి
"ఐదింటికి మూసేస్తాం" అన్నారు, రోజూ అనేట్టే.

రహస్య ఒప్పందాల కోసం వచ్చాను.
దొరికింది హోటలు బిల్లు. ముప్పై ఆరు, డిసెంబరు, మూడు రాత్రులు.
పరాయివాడి నీడ సోకకూడదన్న పదకొండు దేశాల వాళ్లు
ఒకే పళ్లెంలో చేప వడ్డించుకున్నారు.
ఆవపిండి ముద్దకు విడిగా లెక్క.

భోజనాల హాల్లో గోడ మీది పటం దించినందుకు
వడ్రంగికి రెండు ఫ్రాంకులు.
ఆ పటంలో మా అమ్మమ్మ మేకలు కాసిన లోయ ఉండి ఉంటుంది.
అది మాదంటే మాదని ఇద్దరు
ఆ బల్లకి అటూ ఇటూ కూర్చున్నారు మరి.
సూపు చల్లారకముందే పటం వంటింట్లోకి పోయింది.
మేకు గోడకే ఉంది కాబోలు,
దానికి కూలి రాయలేదు.

తర్వాత చొక్కాల బట్టకి మిల్లు రసీదు:
నలుపు, ఆకుపచ్చ, నీలం, బూడిద.
నేత ఒకటే, అద్దకానికే వేరు వేరు ధర.
ఒకే తాను ముక్కలు!
గుమాస్తా మీటర్లతో సహా రాసిపెట్టాడు.

అట్టడుగున మడత చీటీ. దుబాసీ ఎటెల్కా వాయ్‌దా:
"మూడు రోజులు, నాలుగు భాషలు.
'మన రక్తం' అన్న మాట
అందరికీ అందరి భాషలో చెప్పాను.
సొమ్ము ముట్టలేదు. ఇది రెండో మనవి."

మూడోది ఉందేమోనని పెట్టె బోర్లించాను.
గుండుసూది తుప్పు రాలింది.

ఒబెర్సన్ గారు ఒక్కో దీపం ఆర్పుకుంటూ వస్తున్నారు.
మొద్దుబారిన పెన్సిలుతో
ఆమె పేరు రాసుకుని
పక్కన "బాకీ" అని పెట్టాను.