టికే తొళకు

బరంపురం బజార్లో రెండు వేల నాలుగొందలకి
బేరమాడి కొన్నాను ఆ తెల్ల లైట్లు.
పాత బల్బుల వెలుగు
చల్లారిన టీ రంగులో ఉండేది.
రామనగుడ మలుపుల్లో గుంత ఎక్కడుందో
చక్రం దిగాకే తెలిసేది.

బండిది ఓ.ఆర్. పద్దెనిమిది నంబరు.
రాష్ట్రం తన స్పెల్లింగు మార్చుకుంది,
నేను ప్లేటు మార్చలేదు.
అనాసపళ్లు, చింతపండు, పెళ్లివారి గుండిగలు,
ఒక వానరాత్రి పార్వతీపురం ఆస్పత్రికి
నొప్పులు పడుతున్న ఒక సవర పిల్ల,
అన్నీ ఈ తొట్టిలోనే.

కొత్త లైట్లు బిగించిన తొలిరాత్రి
వేపచెట్టు చివర నిద్రపోతున్న కాకుల్ని చూశాను.
రోడ్డు మాత్రం కనబళ్లేదు.
ఎడమది ఆకాశంలోకి,
కుడిది ఎదుటివాడి కళ్లల్లోకి.
'మెల్లకన్ను బండి' అని పేరెట్టారు కలాసీలు.
ఎదురొచ్చిన ప్రతి లారీవాడూ
మా అమ్మనీ కలుపుకుని తిట్టాడు, రెండు భాషల్లో.
నేనూ తిట్టాను.
వెలుగు నా దగ్గరుంది కదా.

గునుపూర్ బస్టాండు వెనక
టార్పాలిన్ కింద దండాసి మిస్త్రీ కొట్టు.
ఎడమ కనుబొమ్మ మీద ఏడు కుట్లు,
చీమలు బారుకట్టినట్టు.
బల్బు ఊడదీసి తిప్పి చూశాడు.
"సిప్పులు గడియారంలో మూడూ తొమ్మిదీ కాడుండాల.
పన్నెండూ ఆరూ సేసి పెట్టీసినాడు ఎవుడో ఎదవ."
ఆ ఎవడో నేనే.
టీ తాగుతూ ఊరుకున్నాను.

సందేళ బడిగోడ దగ్గరికి తోలమన్నాడు.
పాతిక అడుగులు పాదాలతో కొలిచాడు,
మడమా వేలూ, మడమా వేలూ.
పురికొసతో లైటు ఎత్తు పట్టి
గోడమీద సుద్దతో రెండు ఇంటూలు,
వాటికి రెండంగుళాల కింద ఒక గీత.
గోడంతా ఒడియా అక్షరాలు,
ఒక్కోటీ గొడుగేసుకుని నిలబడి.

"కాళీ బండికి సూడకూడదు బాబూ.
బరువు పడితే యెనక కుంగుతాది, మూతి లెగుస్తాది."
బరువు కోసం కబాడీ ఆడుతున్న పిల్లల్ని కేకేశాడు.
పదిహేడుగురు ఎక్కారు, ఒకడు మేకపిల్లతో సహా.
కమాన్లు కిర్రుమన్నాయి.
గోడమీది వెలుగు లేచింది,
అక్షరాలు దాటి, పెంకులు దాటి
వంశధార అవతలి కొండకేసి పోయింది.
పిల్లలు ఈలలేశారు.

"నువ్వెళ్లి గోడకాడ నిలబడు.
కళ్లు మూసీకు."

నిలబడ్డాను.
బండి లేదు, పిల్లల్లేరు, బడి లేదు.
సున్నపు బట్టీలో ముఖం పెట్టినట్టు తెలుపు.
ఎక్కడో మేక అరిచింది.
కాలు ఎటు వెయ్యాలో తెలియక
చెయ్యి గోడకి ఆనించాను.

తుప్పు పట్టిన స్క్రూకి కిరసనాయిలు చుక్క వేసిన వాసన.
పావు చుట్టు తిప్పాడు.
"ఎలగుంది?"
"టికే తొళకు," అన్నాను,
ఆ మాట ఒడియాలోనే ఎందుకొచ్చిందో.
ఇంకా కొంచెం కిందికి.
ఇంకా.
నుదురు విడిచింది, కళ్లు విడిచింది,
గడ్డం మీంచి జారి చొక్కా మూడో గుండీ దగ్గర ఆగింది.
అప్పుడు కనబడ్డారు పిల్లలు,
మేకపిల్ల, స్క్రూడ్రైవరు పట్టుకున్న దండాసి,
ఆ ఏడు కుట్లు.

"అదేటి, దెబ్బ?"
"మొన్న ఏకాదశినాడు, వంతెన దిగతన్నాను సైకిలేసుకుని.
ఎదర తెల్లగా ఒచ్చింది. ఇంకేటి నేదు."
"ఏం బండి?"
"బండి ఎక్కడ సూసినాను? ఎలుగే సూసినాను."

ఏకాదశినాడు అనాసపళ్ల లోడు నాది.
వంతెన దిగుతుంటే ఏదో చప్పుడైంది,
బుట్ట దొర్లిందనుకున్నాను.
ఊళ్లోకి వెళ్లి లెక్కపెడితే
బుట్టలన్నీ ఉన్నాయి.

వంద అడిగాడు. రెండొందలిచ్చాను.
నా ముఖం కేసి ఒకసారి చూసి
వంద వెనక్కిచ్చేశాడు.

ఆ రాత్రి అదే వంతెన మీద
ఒక సైకిలు ఎదురొచ్చింది.
చక్రం ఊచలు ఒక్కొక్కటీ కనబడ్డాయి,
తొక్కుతున్న మోకాళ్లు, లుంగీ అంచు.
ముఖం మాత్రం కనబళ్లేదు,
తన చీకట్లో తానుంది.
చెయ్యి అడ్డం పెట్టుకోకుండానే
అతను నన్ను దాటిపోయాడు.