దారం వదిలేసిన చోటు

నలభై ఆరో ఏట
అరవై నంబరు దారం మొదటిసారి నాతో అబద్ధమాడింది.
ఉందనుకున్న చోట మెలిక లేదు.
నరసాపురంలో ఏజెంటు సుబ్బారాయుడు గారు
గుడ్డని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని
"ఇక్కడో కన్ను సాగింది చూసుకోమ్మా" అన్నారు.
అంతే అన్నారు.
నేను పంటు దాటేదాకా ఆగి
సఖినేటిపల్లి రేవులో ఏడ్చాను.

అప్పటికి నాకు కళ్ళజోడంటే అవమానం.
జుట్టుకి రంగేసేదాన్ని,
వారం తిరక్కుండా అది మొదళ్ళ దగ్గర నిజం చెప్పేసేది.
పంటులో ఎవరో కుర్రాడు లేచి
"కూర్చోండి మామ్మగారూ" అన్నాడని
గోదారి దాటేవరకూ వాడి వంక చూడలేదు.
నిలబడే వెళ్ళాను,
మోకాళ్ళు నన్ను తిట్టుకుంటూంటే.

ఇప్పుడు అరవై మూడు.
కళ్ళజోడు మెడలో తాడుకి వేలాడుతుంది
(ఆ తాడూ నేనల్లిందే, మిగిలిన దారంతో).
కుర్రాళ్ళు లేవకపోతే నేనే
"కాస్త జరుగు నాన్నా" అంటాను.
కూర్చున్నాక తెలిసింది,
ఇన్నేళ్ళూ వశిష్ఠని దాటానే గానీ చూడలేదని.
పోటు మీద నీళ్ళకి తొందరెక్కువ,
గుర్రపుడెక్కని ఎగువకి తోసుకుపోతాయి
సముద్రం వద్దని తిప్పి పంపినట్టు.
పాటు తీసినప్పుడు చూడాలి:
బురద మీద పీతలు గీసిన గీతలు,
విరిగిన తెడ్డు, ఎవరిదో ఒంటి చెప్పు,
రేవులో నేనెన్నడూ ఎరగని చివరి రెండు మెట్లు.
నీళ్ళు తగ్గితేనే కనబడతాయవి.

మర్చిపోతున్నాను కూడా.
వియ్యపురాలి పేరు నోటిదాకా వచ్చి వెనక్కి పోతుంది.
నలభై ఏళ్ళ కిందట తోటికోడలు దమయంతి
నన్నన్న మాట ఒకటుండేది.
రోజూ తీసి, తుడిచి, మళ్ళీ దాచుకునేదాన్ని
ఇత్తడి సామానులా.
మొన్న వెతికితే ఏ మాటో దొరకలేదు.
కోపం మాత్రం ఖాళీ డబ్బాలా మిగిలింది.
అందులో బొత్తాలు పోసుకోవచ్చు.

అన్నీ బాగున్నాయని కాదు.
వానాకాలం వేళ్ళు బిగుసుకుపోతాయి,
వేణ్ణీళ్ళ గిన్నెలో నానబెడితేగాని
తెల్లారేసరికి నా చేతులు నావి కావు.
మార్తమ్మ పోయింది.
పైనాపిల్ గుత్తి దానంత బాగా
ఎవరికీ రాదు. నాకూ రాదు.
దాని సూది నా దగ్గరే ఉంది,
వాడను, తుప్పు పట్టనివ్వను.

మనవరాలు హారిక సెలవులకొచ్చి నేర్పమంటే
నేర్పుతున్నాను.
తప్పు పోతే పళ్ళు కొరుకుతుంది, కత్తెర అందుకుంటుంది.
ఆ వయసులో నేనూ అంతే.
"కత్తిరించకే, లాగు" అంటాను.
ఒక్క పోగు పట్టి లాగితే
మూడు గంటల పని జరజరా దారమైపోతుంది.
దాని కళ్ళనిండా నీళ్ళు.
నాకేమో ఈమధ్య ఆ చప్పుడు ఇష్టం.
దారానికేం కాలేదు కదే,
కాస్త వంకర్లు గుర్తుంచుకుంది, అంతే.

"ఇన్ని కన్నాలేంటి మామ్మా దీన్నిండా?"
అని అడిగింది మొదటిరోజు.
అప్పుడు చెప్పలేదు, పొయ్యిమీద పాలున్నాయి.
ఇవాళ సాయంత్రం
పూర్తయిన గుడ్డని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది,
అచ్చం సుబ్బారాయుడు గారిలాగే.
గచ్చు మీద పడింది పువ్వు,
దారం వదిలేసిన చోటల్లా ఎండ.

ఒక కన్ను సాగింది.
అక్కడ ఎండ కాస్త ఎక్కువ పడింది.
"లాగెయ్యనా మామ్మా?" అంది.
"ఉండనీ" అన్నాను.